సాఫ్ట్‌వేర్ రంగమున అనుభవం విలువ – నవపట్టభద్రుని స్థానం

అనుభవం గొప్పదా, చదువు గొప్పదా అన్న ప్రశ్న నేటిది కాదు. వైద్యంలో, వ్యవసాయంలో, న్యాయవాద వృత్తిలో, చేతిపనులలో ఇది తరతరాలుగా వినిపిస్తూనే ఉన్నది. కాని మన విద్యార్థులలో పెక్కుమంది చేరగోరుచున్న సాఫ్ట్‌వేర్ రంగంలో ఇది కేవలం చర్చనీయాంశం కాక, బ్రతుకుతెరువు ప్రశ్న అయి కూర్చున్నది.

ఈ సంవత్సరం చివరి తరగతి విద్యార్థి ఒకడు పాఠం మధ్యలో లేచి, "సార్, అనుభవం లేనిదే ఉద్యోగం ఇవ్వమంటారు. ఉద్యోగం ఇవ్వనిదే అనుభవం ఎక్కడినుండి వస్తుంది? రెండేళ్ళు పనిచేసినట్లు కాగితాలు పుట్టిస్తామని ఒకరు చెబుతున్నారు. తీసుకోమంటారా, వద్దంటారా?" అని అడిగినాడు. తరగతి అంతా నవ్వినది. అడిగినవాడు మాత్రం నవ్వలేదు. ఆనాడు "వద్దు" అని ఒక్క మాటలో సమాధానం చెప్పి పాఠం కొనసాగించినాము. ఆ ఒక్క మాట చాలదని తరువాత మాకు తోచినది. ఎందుకు వద్దో, దానికి బదులు ఏమి చేయవలెనో వివరించుటయే ఈ వ్యాసం యొక్క ఉద్దేశం.

ఈ వృత్తి స్వరూపం

"సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్" అను మాటకు విశేష ప్రచారం వచ్చినది 1968 అక్టోబరులో. ఆ నెలలో నాటో విజ్ఞాన సంఘం ఆధ్వర్యమున నాటి పశ్చిమ జర్మనీలోని గార్మిష్ పట్టణంలో ఒక సదస్సు జరిగినది. అప్పటికి ప్రోగ్రాములు ఎంతో పెద్దవైనవి. అవి చెప్పిన గడువుకు పూర్తి కావడం లేదు. అనుకున్న ఖర్చుకు లోబడడం లేదు. పూర్తయినవి కూడా తప్పులతో నిండి ఉండెడివి. వంతెనలు కట్టువారికి ఉన్నట్టి క్రమశిక్షణ ఈ పనికి కూడా కావలెనన్న తలంపుతో ఆ పేరు పెట్టినారు. మన దేశంలో టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ స్థాపితమైనది కూడా ఆ సంవత్సరమే.

అయితే వంతెనకు, ప్రోగ్రాముకు ఒక ముఖ్యమైన భేదం కలదు. వంతెన కట్టిన తరువాత దాని మీద నడుస్తారు, మరమ్మతులు చేస్తారు, అంతే. ప్రోగ్రాము అట్లు కాదు. పన్నుల చట్టం మారితే అది మారవలెను. బ్యాంకు నియమం మారితే మారవలెను. కొత్త రకం ఫోను వస్తే మారవలెను. అందుచేత ఈ వృత్తిలో అధికభాగం కొత్తగా వ్రాయుట కాదు. ఎవరో ఎప్పుడో వ్రాసినదానిని చదివి, అర్థం చేసికొని, చెడిపోకుండా మార్చుట. కళాశాలలో మేము విద్యార్థికి తెల్లకాగితం ఇచ్చి వ్రాయమంటాము. ఉద్యోగంలో అతనికి ఇతరులు నింపిన కాగితం ఇచ్చి దిద్దమంటారు. నవపట్టభద్రుని కష్టమంతా ఈ భేదంలోనే ఉన్నది.

అనుభవం అనగా నేమి?

ఒక ఉదాహరణ తీసికొందాము. ఉపకారవేతనాల దరఖాస్తులు స్వీకరించే ప్రోగ్రాము ఒకటి ఉన్నదనుకొందాము. ఒకే దరఖాస్తు రెండుసార్లు నమోదు కాకుండా అడ్డుకొనే నాలుగు పంక్తులు అందులో ఉన్నవి. బటన్ ఒకసారి నొక్కగానే అది మాయమవుతుంది గనుక రెండవసారి నొక్కడం అసాధ్యమని, ఆ పంక్తులు అనవసరమని తలచి కొత్తగా చేరినవాడు వాటిని తొలగించినాడు. పరీక్షించి చూస్తే అంతా సవ్యంగానే ఉన్నది. ఆఖరు తేదీ రాత్రి లక్షలాది విద్యార్థులు ఒక్కసారిగా ప్రయత్నించుటతో నెట్ మందగించినది. సమాధానం రాకపోవడంతో కొన్ని ఫోనులు తమంతట తామే అదే దరఖాస్తును మరల పంపినవి. ఒకే పేరున రెండు దరఖాస్తులు చేరినవి. నియమం ప్రకారం రెండూ తిరస్కరింపబడినవి. ఆ పేద విద్యార్థికి కలిగిన నష్టం ఎంతటిదో మన పాఠకులకు వేరుగా చెప్పనక్కరలేదు.

అనుభవజ్ఞుడు ఆ నాలుగు పంక్తులను చూచినప్పుడు "ఇవి ఎందుకు?" అని మాత్రమే అడగడు. "ఇవి వ్రాసినవారికి ఏ దెబ్బ తగిలినదో?" అని అడుగుతాడు. అనుభవం అనగా తగిలిన దెబ్బల జ్ఞాపకం. అది భాషలు, సూత్రాలు ఎన్ని తెలియునన్న లెక్క కాదు. ఏది ఎక్కడ విరుగునో ముందుగా తెలియుట.

ఇట్టి జ్ఞానంలో కొంత పుస్తకాలలో ఇమడదు. మన ప్రాంతపు బిద్రీ పనినే చూడండి. జస్తు, రాగి కలిసిన పాత్ర మీద వెండి తీగ పొదిగిన పిమ్మట, బీదరు కోటలోని ఒక విధమైన మట్టితో దానికి నల్లని నిగ్గు తెప్పిస్తారు. ఏ మట్టి పనికివచ్చునో ఉస్తాద్ నాలుకతో రుచి చూచి చెప్పునని ప్రసిద్ధి. ఆ రుచిని ఏ గ్రంథం నేర్పగలదు? షాగిర్ద్ పక్కన కూర్చుని నేర్చుకొనవలసినదే. సాఫ్ట్‌వేర్ రంగమున కూడా సగం విద్య ఇట్లు పక్కన కూర్చుని నేర్చుకొనేదే.

మనుషుల సంఖ్య పెంచితే చాలదా?

అనుభవం గలవారు తక్కువైతే కొత్తవారిని ఎక్కువమందిని చేర్చుకొని పని ముగించరాదా అని కొందరికి తోచవచ్చును. దీనికి ఫ్రెడరిక్ బ్రూక్స్ అను అమెరికా శాస్త్రవేత్త 1975లో తన ప్రసిద్ధ గ్రంథం "ది మిథికల్ మ్యాన్-మంత్"లో సమాధానం చెప్పినాడు. ఐబీఎం సంస్థలో ఓఎస్/360 అను బృహత్తర ప్రోగ్రాము నిర్మాణాన్ని నడిపిన అనుభవం ఆయనది. ఆలస్యమైన పనికి కొత్తగా మనుషులను చేర్చితే అది మరింత ఆలస్యమవుతుందని ఆయన తేల్చినాడు.

కారణాలు రెండు. మొదటిది, కొత్తవారికి పని నేర్పవలసినది పాతవారే. నేర్పినంతకాలం వారి పని ఆగిపోతుంది. రెండవది, ఒకరితో ఒకరు మాట్లాడుకొని పొత్తు కుదుర్చుకొనవలసిన జతలు మనుషుల సంఖ్య కంటె వేగంగా పెరుగుతాయి. ముగ్గురు ఉంటే మూడు జతలు. పదిమంది ఉంటే నలుబదియైదు. పొలంలో నాట్లు వేయుటకు పదిమంది వస్తే పని పదింతలు సాగవచ్చును. ఒకరి ఆలోచన మీద ఒకరి ఆలోచన ఆధారపడిన పనిలో అట్లు జరగదు.

అనుభవం అందించకపోతే జరిగే అనర్థం కూడా గమనింపదగినది. కోబాల్ అను భాష 1959లో రూపొందినది. బ్యాంకులు, బీమా సంస్థలు, ప్రభుత్వ కార్యాలయాలు దానిలో అసంఖ్యాకమైన ప్రోగ్రాములు వ్రాయించుకొన్నవి. నాడు కంప్యూటరు జ్ఞాపకశక్తి ఎంతో ఖరీదైనది గనుక సంవత్సరాన్ని రెండంకెలతోనే వ్రాసెడివారు. 2000 సంవత్సరం రానున్న తరుణంలో వాటిని దిద్దుటకు 1990ల చివర వేలాది భారతీయ యువకులకు పని దొరికినది. మన తెలుగువారు పెద్దసంఖ్యలో అమెరికా వెళ్ళుటకు అది ఒక ద్వారమైనది. ఆ పని ముగియగానే కోబాల్ పాతబడినదని అందరూ దానిని విడిచిపెట్టినారు. ప్రోగ్రాములు మాత్రం నడుస్తూనే ఉన్నవి. 2020 ఏప్రిల్‌లో కరోనా వ్యాధి వలన ఉద్యోగాలు పోయినవారు నిరుద్యోగ భృతికై లక్షలుగా దరఖాస్తు చేసికొనగా, న్యూజెర్సీ రాష్ట్రపు పాత కంప్యూటర్ల మీద మోయలేని బరువు పడినది. కోబాల్ తెలిసినవారు స్వచ్ఛందంగా ముందుకు రావలెనని ఆ రాష్ట్ర గవర్నరు బహిరంగంగా కోరవలసి వచ్చినది. తెలిసినవారు వృద్ధులైనారు, నేర్చుకొనే కొత్తవారిని ఎవరూ వారి పక్కన కూర్చోబెట్టలేదు.

అనుభవం కండ్లు కప్పినప్పుడు

ఇంతవరకు చెప్పినదానిని బట్టి అనుభవమే సర్వస్వమని తలచుట పొరపాటు. అనుభవం దారి చూపునట్లే కండ్లు కప్పుట కూడా కలదు.

1996 జూన్ 4వ తేదీన ఫ్రెంచి గయానాలోని కౌరూ నుండి ఐరోపా దేశాల ఏరియన్-5 రాకెట్టు మొదటిసారి ఎగిరినది. నలుబది సెకనులు కూడ పూర్తిగా గడవకముందే అది దారి తప్పి ఆకాశంలోనే బ్రద్దలైనది. దాని దిక్కును నిర్ణయించే పరికరంలోని ప్రోగ్రాము అంతకుముందరి ఏరియన్-4 నుండి తెచ్చినది. అది ఎన్నోమార్లు విజయవంతంగా పనిచేసిన ప్రోగ్రాము. అందులో ఒక పెద్ద సంఖ్యను చిన్న స్థలంలో ఇమిడ్చే పంక్తి ఒకటి ఉన్నది. ఆ స్థలంలో 32,767 దాటిన సంఖ్య పట్టదు. ఏరియన్-4 గమనంలో ఆ సంఖ్య అంత పెరగదని నిర్మాతలకు తెలియును గనుక అక్కడ రక్షణ పెట్టలేదు. ఏరియన్-5 గమనం వేరు. సంఖ్య హద్దు దాటినది, పరికరం ఆగినది. ఆపదకు ఆదుకొనుటకై ఉంచిన రెండవ పరికరంలోనూ అదే ప్రోగ్రాము ఉండుటచేత అది కూడ ఆగినది. ఇక్కడ అజ్ఞానం కంటె, పాత అనుభవాన్ని పరిశీలించకుండ కొత్తచోట వాడుటయే ముప్పు తెచ్చినది.

మరియొక సత్యం. పనిచేసిన సంవత్సరాల సంఖ్య అనుభవానికి కొలత కాదు. 1968లో శాక్‌మన్, ఎరిక్సన్, గ్రాంట్ అను పరిశోధకులు అనుభవజ్ఞులైన ప్రోగ్రాము రచయితలను పరీక్షించి ఫలితాలు ప్రకటించినారు. వారిలో ఉత్తములకు, వెనుకబడినవారికి ఎన్నో రెట్ల వ్యత్యాసం కనిపించినది. అయితే ఎక్కువ సంవత్సరాలు పనిచేసినవారే ఉత్తములని మాత్రం తేలలేదు. పరీక్షకు కూర్చున్నవారు కొద్దిమందియే గనుక దీనిని తిరుగులేని సిద్ధాంతమనలేము. అయినను మన పెద్దల సామెత దీనికి సాక్ష్యం పలుకుతున్నది: పాడిందే పాడరా పాచిపళ్ళ దాసరీ అన్నారు. ఒక సంవత్సరపు పనినే పదిసార్లు చేసినవానిది పదేళ్ళ అనుభవం కాదు.

కొత్తవాని చూపు

మరి నవపట్టభద్రుడు తెచ్చేదేమి? తక్కువ జీతానికి వచ్చుట మాత్రమేనా? కాదు. అలవాటు పడని చూపు అతని సొత్తు.

థెరాక్-25 అను వికిరణ చికిత్సాయంత్రం చరిత్ర దీనిని చక్కగా తెలుపుతున్నది. 1985–87 మధ్య అమెరికా, కెనడాలలో ఈ యంత్రం వలన ఆరుగురు రోగులు అపాయకరమైన మోతాదుకు గురైనారు. వారిలో కొందరు మరణించినారు. కారణాలలో ఒకటి ప్రోగ్రాములోని దోషం. యంత్రాన్ని నడిపేవారు టైపు చేయుటలో ఆరితేరి, పొరపాటును కొన్ని సెకనులలోనే దిద్దినప్పుడు మాత్రమే ఆ దోషం పైకి వచ్చెడిది. నిర్మాతలు నెమ్మదిగా పరీక్షించి, దోషమేమీ కనిపించలేదన్నారు. టెక్సాస్ రాష్ట్రం టైలర్ పట్టణపు ఆసుపత్రిలో అక్కడి భౌతికశాస్త్ర నిపుణుడు, యంత్రం నడిపిన ఉద్యోగిని కలిసి మరల మరల ప్రయత్నించి దాని ఆచూకీ పట్టినారు. అనుభవజ్ఞురాలి వేళ్ళ వేగమే రహస్యాన్ని బయటపెట్టినది.

కథ అంతటితో ముగియలేదు. అదే దోషం థెరాక్-20 అను పాత యంత్రంలోనూ ఉండెను. అయితే అందులో ప్రోగ్రాముతో నిమిత్తం లేని రక్షణ సాధనాలు ఉండుటచేత ఫ్యూజులు పోయెడివి గాని, రోగికి హాని కలుగలేదు. షికాగో విశ్వవిద్యాలయంలో కొత్త విద్యార్థుల జట్టు వచ్చిన ప్రతిసారి ఆ ఫ్యూజులు ఎక్కువగా పోవుట, వారికి పని అలవాటైనకొలది అది తగ్గుట అక్కడి నిపుణుడు గమనించినాడు. పాతవారు తెలియకుండానే సరియైన వరుసలో మీటలు నొక్కుతారు. కొత్తవారు ఎవరూ ఊహించని వరుసలో నొక్కుతారు. అందువలన దాగియున్న దోషం వారి చేతిలో బయటపడినది. ఒకే దోషాన్ని ఒకచోట నేర్పరితనం, మరొకచోట కొత్తదనం పట్టి ఇచ్చినవి. రెండూ కావలెననుటకు ఇంతకంటె సాక్ష్యమేమి కావలెను?

మన విద్యార్థులకు మరింత దగ్గరి విషయం ఒకటి చెప్పవలసి ఉన్నది. 2018 ఫిబ్రవరిలో "జ్ఞా" అను తెలుగు అక్షరం ఒకానొక విధంగా కూర్చబడి సందేశంలో వచ్చినప్పుడు ఐఫోనులు స్తంభించిపోయినవి. జ్ఞానమను మాటలోని తొలి అక్షరమే లోకప్రసిద్ధమైన యంత్రాన్ని నిలిపివేసినది! ఆపిల్ సంస్థ ఆ నెలలోనే సవరణ విడుదల చేయవలసి వచ్చినది. ఆ ప్రోగ్రాములు వ్రాసినవారు అనుభవహీనులు కారు. వారికి లేనిది తెలుగు వ్రాసే అలవాటు. ఎడమనుండి కుడికి నడిచే తెలుగును, కుడినుండి ఎడమకు నడిచే ఉర్దూను, మధ్యలో అంకెలను ఒకే కాగితం మీద దినదినం చూచే విద్యార్థులు మన కళాశాలలో ఉన్నారు. ఇంటిపేరు ముందు వ్రాసేవారు, అసలు ఇంటిపేరే లేనివారు ఒకే బల్ల మీద కూర్చుంటారు. ఒక దరఖాస్తు పత్రం ఇట్టి పేర్లను ఎన్ని విధాల చెడగొట్టునో వీరికి తెలిసినంతగా ఇరవై ఏళ్ళ అనుభవజ్ఞునికి తెలియకపోవచ్చును. ఇది కూడా అనుభవమే. దానిని మీరు అనుభవమని గుర్తించుట లేదు, అంతే.

నేటి సంకటం

1998లో హైదరాబాదున సైబర్ టవర్స్ ప్రారంభమైన పిమ్మట ఈ రంగం మన యువకులకు పెద్ద ఆశాద్వారమైనది. మన దేశపు పెద్ద సంస్థలు కళాశాలలకు వచ్చి పట్టభద్రులను గుంపులుగా ఎంచుకొని, నెలల తరబడి శిక్షణ ఇచ్చి, అనుభవజ్ఞుల చేతిక్రింద ఉంచి పని నేర్పెడి పద్ధతి ఏర్పడినది. అడుగున కొత్తవారు పెక్కుమంది, పైన పాతవారు కొద్దిమంది. ఈ అమరికలో లోపాలు లేకపోలేదు గాని, షాగిర్ద్‌కు ఒక చోటు ఉండెను.

2022 తరువాత కృత్రిమ మేధ సాధనాలు వచ్చి, కొత్తవారికి ఇచ్చే చిన్నచిన్న పనులను క్షణాలలో చేయసాగినవి. ఇక కొత్తవారెందుకు అను మాట వినవస్తున్నది. ఆ సాధనం వ్రాసినది సరియైనదో కాదో నిర్ణయించుటకు అనుభవజ్ఞుడు కావలెనన్నది అందరూ ఒప్పుకొనేదే. అయితే రేపటి అనుభవజ్ఞుడు నేటి కొత్తవాడే కదా! నారు పోయనివాడు కోతకు కొడవలి పట్టుకొని వస్తే ప్రయోజనమేమి? కోబాల్ విషయంలో జరిగినదే మరల జరుగును.

ఇట్టి పరిస్థితిలోనే దొంగ అనుభవ పత్రాల వ్యాపారం సాగుతున్నది. అది నేరమనుట ఒకటి. భవిష్యనిధి ఖాతాల ద్వారా ఎవరు ఎక్కడ ఎన్నాళ్ళు పనిచేసినదీ సంస్థలు సరిచూచుకొనుట రెండవది. అన్నిటికంటె ముఖ్యమైనది వేరే ఉన్నది. అనుభవం అనగా తగిలిన దెబ్బల జ్ఞాపకమని చెప్పుకొన్నాము. కాగితం మీది రెండేళ్ళలో ఒక్క దెబ్బ కూడ లేదు. ఎదుటివారు "మీరు చేసిన తప్పు ఒకటి చెప్పండి" అని అడిగిననాడు ఆ కాగితానికి నోరు ఉండదు. పైగా కొత్తవాడినని చెప్పుకొనే హక్కు, తెలియనిదానిని అడిగే స్వేచ్ఛ కూడ పోతాయి. అడగలేనివాడు నేర్చుకొనలేడు.

చేయదగినవి

విద్యార్థులు మొదట ఇతరులు వ్రాసిన కోడ్ చదువుట అలవరచుకొనవలెను. లోకమంతటికి తెరిచియుంచిన ప్రోగ్రాములు ఎన్నో ఉన్నవి. 1991లో లైనక్స్‌ను ఆరంభించిన లైనస్ టోర్వాల్డ్స్ నాడు హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థియే. గూగుల్ సంస్థ 2005 నుండి నడుపుచున్న "సమ్మర్ ఆఫ్ కోడ్"లో కొత్తవారికి అనుభవజ్ఞులు మార్గదర్శకులుగా ఉంటారు. అక్కడ మీరు దిద్దిన ఒక చిన్న దోషం, తేదీతో సహా అందరికీ కనిపించే నిజమైన సాక్ష్యం. అది రెండేళ్ళ అబద్ధం కంటె విలువైనది.

కళాశాల పాలకవర్గం వారికి మూడు మనవులు. మొదటిది, మన గ్రంథాలయపు పుస్తకాల లెక్కకు విద్యార్థులచేతనే ఒక ప్రోగ్రాము వ్రాయించవలెను. ప్రతి సంవత్సరం కొత్తది వ్రాయించరాదు. వెళ్ళిపోయే తరగతివారు వచ్చే తరగతివారికి అదే ప్రోగ్రామును అప్పగించవలెను. దానితోపాటు ఒక తప్పుల పుస్తకం ఉండవలెను. ఏ తప్పు జరిగినది, ఎట్లు తెలిసినది, ఏ పంక్తి ఎందుకు చేర్చినది అందులో వ్రాయవలెను. అప్పుడు మన విద్యార్థి ఇతరులు నింపిన కాగితాన్ని మొదటిసారి ఉద్యోగంలో గాక, ఇక్కడనే చూస్తాడు. రెండవది, ఈ రంగంలో స్థిరపడిన పూర్వవిద్యార్థులను నెలకొకసారి పిలువవలెను. ఉపన్యాసానికి కాదు, ఇద్దరు ముగ్గురు విద్యార్థుల పక్కన కూర్చుని పని చూపించుటకు. మూడవది, 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం 2014 సవరణతో ఇంజనీరింగ్ చదవని పట్టభద్రులకు కూడ ద్వారం తెరిచినది. నగరంలోని సంస్థలతో మాట్లాడి ఆ ద్వారాన మన విద్యార్థులను పంపుట పాలకవర్గం పూనుకొంటే అసాధ్యం కాదు.

అనుభవజ్ఞుడు, నవపట్టభద్రుడు – వీరిలో ఎవరు గొప్ప అన్న ప్రశ్నకు సమాధానం ఇప్పుడు స్పష్టమే. ఒకరికి జ్ఞాపకం కలదు, ఒకరికి కొత్త చూపు కలదు. ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చున్ననాడే రెండింటికీ విలువ. ఆనాడు తరగతిలో లేచి ప్రశ్నించిన విద్యార్థికి మేమిప్పుడు చెప్పగలిగినది ఇది: నాయనా, ఆ కాగితం వద్దు. నీకు తెలియనిదానిని తెలియదని అందరి ఎదుట అడిగినావు. ఆ ధైర్యమే ఈ వృత్తికి మొదటి అర్హత. మిగిలినది సమకూర్చుకొనే చోటు కల్పించుట పెద్దల బాధ్యత, అది మాది.